రెక్క అన్న మాట, మన రాతలు

మన పిల్లలూ మన కుర్రాళ్లూ రాసి తెచ్చే కవితలు చదివి బాగోగులు చెప్పే పని కొన్నేళ్లుగా మా మీద పడింది. బడి గోడపత్రికకు కొన్ని వస్తాయి. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి మరికొన్ని. ఇలాంటి సంకలనాలకు పంపేముందు ఒకసారి చూడండి అంటూ వచ్చేవి ఇంకొన్ని. వాటన్నిటిలో ఒక మాట వదలకుండా కనిపిస్తుంది. రెక్క. తెగిన రెక్కలు, కాలిన రెక్కలు, ఇంకా మొలవని రెక్కలు, మొలిచాక ఎవరో కత్తిరించిన రెక్కలు. కవిత ఎక్కడ మొదలైనా చివరి రెండు పాదాల్లో ఆకాశం వచ్చి తీరుతుంది. పైన పేరూ ఊరూ చేత్తో మూసి చదివితే అది మారేడుమిల్లి వాడు రాశాడో, ఉట్నూరు వాడు రాశాడో, కాకినాడ కాలేజీలో చదివే మైదానపు కుర్రాడు రాశాడో చెప్పలేం.

కవితలో రెక్క ఉండకూడదని మేం అనడం లేదు. ఆ మాట మనదే. మనదైన మాటను పక్కన పెట్టి, అదే మాటకు పత్రికల వాళ్లూ ఫ్లెక్సీల వాళ్లూ ఇచ్చిన అర్థాన్ని తెచ్చుకుని వాడుతున్నాం. మా పేచీ అంతా దీని మీదే. అందుకని ఈ వ్యాసంలో రెక్క ఎక్కడెక్కడ ఏమేం చేస్తుందో చూసి, ఆ తర్వాత మన రాతల సంగతికి వస్తాం.

ముందు ఒక మాట. మేం కొండరెడ్లం. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. బయటి నుంచి వచ్చినవాళ్లు "మీ భాషలో నాలుగు ముక్కలు చెప్పండి" అని అడుగుతారు. మాది తెలుగే అంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. వాళ్లకు కావలసింది అర్థంకాని భాష. అది తెలుగే గానీ పాఠ్యపుస్తకం తెలుగు కాదని వాళ్లకు తెలియడానికి రెండు రోజులు మాతో ఉండాలి.

మా ఇళ్లల్లో రెక్క అనగానే ముందు గుర్తొచ్చేది పక్షి కాదు. మనిషి చెయ్యి. భుజం దగ్గర మొదలై మోచేతి దాకా ఉండే కండ. రెక్క పట్టుకుని లేపు అంటాం. రెక్కలు పీకుతున్నాయి అంటాం. పోడు కొట్టి వచ్చినవాడు, వెదురు మోసుకొచ్చినవాడు, జీలుగు చెట్టెక్కి కల్లు దించినవాడు రాత్రి కుంపటి దగ్గర కూర్చుని చెప్పుకునేది ఈ రెక్కల గురించే. ఇది మా ఒక్కరి వాడుక అనుకోకండి. రెక్కాడితే గాని డొక్కాడదు అన్న సామెత తెలుగు దేశమంతా ఉంది. అందులో ఎగరడం లేదు, ఆకాశం లేదు. చెయ్యి ఆడితే కడుపు ఆడుతుంది, అంతే. రెక్కల కష్టం అంటే ఒంటి కష్టం. రెక్కలు ముక్కలు చేసుకుని పిల్లల్ని చదివించాం అని తల్లి అంటే ఎవరికీ పిట్ట గుర్తు రాదు. కష్టజీవుల తెలుగులో రెక్క అంటే పనిచేసే చెయ్యి. పుస్తకాల తెలుగులోకి వచ్చేసరికి అదే రెక్క స్వేచ్ఛ అయింది. ఈ రెండింటి మధ్య దూరం చిన్నది కాదు.

ఇంకో వాడుక ఉంది. పెడరెక్కలు విరిచి కట్టడం. చేతులు వెనక్కి తిప్పి, మోచేతుల దగ్గర తాడు బిగించడం. సినిమాల్లో విలన్‌ని కడతారు. మన పెద్దవాళ్ల మాటల్లో ఇది అడవి కేసుల దగ్గర వస్తుంది. టేకు దుంగ దొరికిందనో, చెట్టు కొట్టాడనో ఒక మనిషిని తీసుకుపోయిన సంగతి చెప్పేటప్పుడు, కొట్టారు తిట్టారు అని ముందు చెప్పరు. పెడరెక్కలు కట్టి ఊరి మధ్యలోంచి నడిపించారు అని చెబుతారు. దెబ్బ కన్నా అది పెద్ద అవమానం. పనిచేసే రెక్కని పనికిరాకుండా చేసి నలుగురికీ చూపించడం కదా. తెగిన రెక్కలు అని రాసే మన కుర్రకవుల్లో ఈ మాట వాడినవాళ్లని మేం ఇంకా చూడలేదు. ఇంట్లో తాత నోట ఉన్న మాట అది. తెగిన రెక్క కన్నా కట్టిన రెక్క మన చరిత్రకు దగ్గర.

మాట పుట్టుక కూడా కొంచెం చూద్దాం. పాత తెలుగులో దీన్ని బండి ఱతో ఱెక్క అని రాసేవారు. ఎఱక అనే మరో రూపం కావ్యాల్లో ఉంది. కన్నడంలో రెక్కె, పాత కన్నడంలో ఎఱకె. తమిళంలోనూ మలయాళంలోనూ చిఱకు. అన్నీ ఒకే కుదుటి నుంచి వచ్చినవి. అంటే ఇది సంస్కృతం నుంచి దిగుమతి అయిన మాట కాదు, ద్రావిడ భాషలు మాట్లాడేవాళ్ల సొంత సొత్తు. పండితులు దానికి ఈడుగా తెచ్చుకున్న మాట పక్షం. పక్షం అన్నా రెక్కే. పక్షం ఉన్నది పక్షి. ఈ పక్షం ఎంత దూరం పోయిందో చూడండి. ఇంటికి రెండు పక్కలున్నట్టు నెలకి రెండు పక్షాలు. కొట్లాటలో ఒక పక్షం, అసెంబ్లీలో ప్రతిపక్షం. ఒకవైపు వాలితే పక్షపాతం. ఒంట్లో ఒక పక్క పడిపోతే పక్షవాతం. ఇక్కడ కూడా ఎగరడం ఒక్క పక్షి దగ్గరే ఆగిపోయింది. మిగతా అన్నిచోట్లా అర్థం పక్క అనే.

మా తెలుగు రెక్క కూడా అంతే. తలుపుకు రెక్క ఉంది. రెండు రెక్కల తలుపు ఉన్న ఇల్లు ఉన్నవాళ్లది, ఒంటిరెక్క తలుపు మాది. పువ్వుకు రెక్క ఉంది. ఫ్యానుకు రెక్కలు ఉన్నాయి, హాస్టల్లో కరెంటు ఉన్నప్పుడు తిరుగుతాయి. వీటిలో ఏదీ ఎగరదు. మరి వీటికి ఉమ్మడిగా ఏముంది? ఒక నడుమ ఉంది. ఆ నడుమకు అతుక్కుని పక్కకు చాచుకున్న పల్చటి భాగం ఉంది. తలుపుకు నడుమ బందు, పువ్వుకు తొడిమ, చేతికి భుజం. రెక్క అన్న మాట చెప్పేది ఈ ఆకారాన్ని. దేన్నో పట్టుకుని ఉన్నది రెక్క. పట్టు వదిలేస్తే అది రెక్క కాదు, రాలిన రేకు. ఎగిరిపోవడానికి గుర్తుగా మనం వాడుతున్న మాటలో అసలు ఉన్నది పట్టుకుని ఉండటం. మాకు ఇది బడిలో పాఠం చెబుతూ చెబుతూ తట్టింది.

ఆ పాఠం సంగతి టీచర్ల కోసం కాస్త వివరంగా చెప్పాలి. ఆకుల్లో రకాలు చెప్పేచోట పుస్తకంలో పిచ్ఛాకార సంయుక్త పత్రం అని ఉంటుంది. వేపాకు ఉదాహరణ. మా పిల్లలు దాన్ని పిచ్చి ఆకారం అని చదివి నవ్వుతారు. కొందరు పరీక్షలో అలాగే రాస్తారు కూడా. పిచ్ఛం అంటే ఈక. నెమలి పింఛం అన్నప్పటి పింఛమూ అదే. నడుమ ఒక ఈనె, దానికి అటూ ఇటూ వరసగా చిన్న ఆకులు, అంటే ఈక లాంటి ఆకు. ఈ చిన్న సంగతి ఎవరూ చెప్పకపోతే బిడ్డకు మిగిలేది పిచ్చి ఒక్కటే. మేం డి.ఎడ్. చదివినప్పుడు తెలిసినదాని నుంచి తెలియనిదానికి పొమ్మని బోధన పద్ధతుల్లో చదువుకున్నాం. చదివి రికార్డులో రాసుకున్నాం. తరగతిలో మాత్రం తెలియనిదాని నుంచి ఇంకా తెలియనిదానికే పోతుంటాం. వేపాకు కూడా ఎందుకు, ఈత మట్ట తెచ్చి ముందు పెట్టండి. పక్కన తాటి మట్ట పెట్టండి. ఒకటి ఈక, ఒకటి అరచెయ్యి. పిచ్ఛాకారమూ హస్తాకారమూ ఆకారంలో ఎట్లా వేరో అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. జీలుగు మట్ట చూపిస్తే ఇంకా మంచిది. దాంట్లో ఈకకు ఈకలుంటాయి, పెద్ద ఈనె నుంచి చిన్న ఈనెలు చీలి, వాటికి ఆకులు. పుస్తకం రాసినవాళ్లకు జీలుగు తెలియదు కాబట్టి అది పుస్తకంలో లేదు. మన పిల్లలకు అది నడక నేర్చినప్పటి నుంచీ తెలుసు.

పిచ్ఛాకారం అన్న మాటను పుస్తకంలోంచి తీసేయమని మేం అడగం. పై చదువులకు పోయే బిడ్డకు ఆ మాట కావాలి. కానీ ఈక మీదుగా అక్కడికి పోవాలి. పుస్తకాల తెలుగులో పూరెక్క ఆకర్షక పత్రం అయింది. చిక్కుడు జాతి పువ్వులో అయిదు రేకులకు పేర్లు పెట్టేటప్పుడు పైదాన్ని ధ్వజం అన్నారు, పక్కన రెక్కల్లా ఉన్న రెండింటిని బాహువులు అన్నారు, కింద పడవలా ఉన్నదాన్ని ద్రోణి అన్నారు. మోదుగ పువ్వు విప్పి చూస్తే ఇవన్నీ కనపడతాయి. రెక్కల్ని బాహువులు అనడం మాకు నచ్చింది. రెక్క అంటే చెయ్యే అని మా ముసలమ్మలు ముందే చెప్పారు కదా. ఇంటర్ పుస్తకం తిరిగి తిరిగి వాళ్ల దగ్గరికే వచ్చింది.

అడవిలో రెక్కలున్న కాయలు చాలా ఉన్నాయి. నల్లమద్ది కాయకు నిలువునా అయిదు రెక్కలు. ఏగిస కాయ గుండ్రంగా, పల్చగా రూపాయి బిళ్లలా ఉంటుంది, నడుమ గింజ, చుట్టూ రెక్క. ఆ చెట్టుకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులోని టెరోకార్పస్‌కి గ్రీకులో రెక్క కాయ అనే అర్థం. ఎర్రచందనం కూడా ఆ కుటుంబానిదే. మోదుగ కాయ చివర ఒకే ఒక గింజ ఉంటుంది, మిగతాదంతా రెక్కే. ఎండాకాలం గాలికి ఇవన్నీ లేస్తాయి. లేచి ఎంత దూరం పోతాయి? చాలావరకు తల్లిచెట్టు నీడ దాటేంత. ఆ కొంచెం దూరం చాలు, అక్కడ వెలుతురు దొరుకుతుంది, వేరు పోస్తాయి. విత్తనానికి రెక్క ఒక్కసారి పనికొచ్చే సాధనం. మొలకెత్తడం అసలు పని. రెక్కను స్వేచ్ఛ అనుకుని రాసేవాళ్లు కాయను ఎగరేస్తారు గానీ దాన్ని కింద పడనివ్వరు.

ఉసిళ్ల సంగతి చెప్పనిదే మన వ్యాసం పూర్తికాదు. తొలకరి పడిన సాయంత్రం పుట్టల్లోంచి ఉసిళ్లు లేస్తాయి. దీపం పెట్టి, గుంటలోనో గిన్నెలోనో పడేట్టు చేసి పట్టుకుంటాం. చేటలో వేసి నలిపి చెరిగితే రెక్కలన్నీ పొట్టులా ఎగిరిపోతాయి. మిగిలినవి పెనం మీద వేయించి ఉప్పు చల్లుకుని తింటాం, వేపిన బియ్యంతో కలిపితే ఇంకా రుచి. మనం పట్టుకోకపోయినా ఆ రెక్కలు గంటసేపు ఉండవు. కాసేపు ఎగిరి, జోడు కుదిరాక, ఉసిళ్లు తమ రెక్కల్ని తామే రాల్చేసుకుంటాయి. ఆ తర్వాత మట్టిలోకి దూరి కొత్త పుట్ట మొదలుపెడతాయి. దాని జీవితంలో పెద్ద పనంతా రెక్కలు పోయాకే. పొద్దున్నే వాకిట్లో కుప్పగా పడి ఉన్న ఆ రెక్కలు చూసిన బిడ్డ తెగిన రెక్క అనగానే ఏడుపు రాయాల్సిన అవసరం లేదు. ఏడ్చే రెక్క ఉండొచ్చు, పొట్టులా చెరిగేసే రెక్క కూడా ఉండొచ్చు. ఈ రెండోది తెలుగు కవిత్వంలో మాకు ఎక్కడా తగల్లేదు. రాయదలిస్తే మనవాళ్లే రాయాలి.

ఇక కథల్లో రెక్కలకు వద్దాం. ఒకప్పుడు కొండలకు రెక్కలుండేవని రామాయణంలో ఒక కథ ఉంది. సుందరకాండలో మైనాకుడు హనుమంతుడికి చెబుతాడు. కొండలు ఇష్టం వచ్చినట్టు ఎగిరి, ఇష్టమైన చోట దిగేవట. ఎక్కడ తమ నెత్తిన పడతాయోనని దేవతలూ మునులూ భయపడ్డారు. ఇంద్రుడు వజ్రాయుధంతో వాటి రెక్కలన్నీ నరికేశాడు. మైనాకుణ్ణి మాత్రం వాయుదేవుడు సముద్రంలో తోసి కాపాడాడు. కథ మొత్తం కింద కూర్చున్నవాళ్ల వైపు నుంచే ఉంది. కొండలు ఎవరి నెత్తినన్నా పడ్డాయా అని ఎవరూ అడగరు. భయం చాలు, నరకడానికి. కొండ మీద పుట్టినవాళ్లం ఈ కథ చదివితే ఇంద్రుడి పక్షాన ఉండలేం.

ఈ కథను మేం ఊరికే గుర్తు చేయలేదు. సాంఘికశాస్త్రం పుస్తకాల్లో పోడును విస్థాపన వ్యవసాయం అంటారు. ఒకచోట కొన్నేళ్లు పండించి, ఆ చోటును వదిలి, అడవి మళ్లీ లేచాక తిరిగి రావడం. మా పెద్దలకు అది తిరిగి వచ్చే లెక్క. పుస్తకానికి అది కదిలిపోయే లెక్క. కదిలే కొండరెడ్డిని ఒకచోట కూర్చోబెట్టాలని ఎన్నో పథకాలు నడిచాయి. అదే విస్థాపన అన్న మాట ఇవాళ ప్రాజెక్టుల కింద ఊళ్లు లేపేసేటప్పుడు కూడా వాడుతున్నారు. మేం కదిలితే అనాగరికం, మమ్మల్ని కదిలిస్తే అభివృద్ధి. రెండింటికీ ఒకటే మాట. నిఘంటువులు దీన్ని పట్టించుకోవు. బడిలో పాఠం చెప్పేవాళ్లు పట్టించుకోవాలి.

రెక్క తెగిన ఇంకో కథ మన నేల మీదే పడింది. రావణుడు కత్తితో జటాయువు రెక్కలు నరికాడు. జటాయువు పడిన చోటు ఎటపాక అనీ, తెగిన రెక్క ఒకటి వచ్చి పడిన చోటు రెక్కపల్లి అనీ భద్రాచలం చుట్టుపక్కల చెబుతారు. ఆ రెక్కపల్లిని ఇప్పుడు రేఖపల్లి అని రాస్తున్నారు. వరరామచంద్రపురం మండలంలో ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు రికార్డుల్లో అది రేకపల్లి. వత్తు ఖ లేదు. రెక్క అన్నా రేక అన్నా తెలుగు మాటే, పువ్వుకు చెందినదైనా పిట్టకు చెందినదైనా. రేఖ అనగానే అది గీత అయిపోయింది, సంస్కృతం అయిపోయింది. ఊళ్ల పేర్లకు ఇలా వత్తులు తగిలించడం మన్యంలో మామూలే. బోర్డు రాసేవాడికి తప్పు దిద్దుతున్నానన్న తృప్తి ఉంటుంది.

ఈ రేకపల్లి పేరు తెగిన రెక్క ఒక్కదానితోనే గుర్తుండటం మాకు బాధ. భద్రాచలం తాలూకాను 1874లో సెంట్రల్ ప్రావిన్సుల నుంచి మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాలో కలిపారు. ఆ తర్వాత రేకపల్లి సీమలో పోడు పన్ను దాదాపు మూడింతలు చేశారు. కొన్ని రకాల చెట్లు కొట్టకూడదన్నారు. అటు రంపలో చెట్టు కల్లు మీద చిగురుపన్ను గుంజుతున్నారు. 1879లో రంప ఫితూరీ లేచినప్పుడు అది రేకపల్లి సీమకు కూడా పాకింది. అంబుల్ రెడ్డి అక్కడి నాయకుల్లో ఒకడు. చిగురుపన్ను అంటే ఏమిటి? చెట్టెక్కి గీసేవాడి రెక్కల కష్టం మీద పన్ను. పోడు పన్ను అంటే ఏమిటి? గొడ్డలి పట్టిన రెక్క మీద పన్ను. రెక్క అన్న మాటకు మా ఇంట్లో ఉన్న అర్థం పెట్టుకుని చదివితే ఆ ఫితూరీ ఇంకోలా అర్థమవుతుంది. రేకపల్లిలో పడిన రెక్క గురించి చెప్పే గైడు అక్కడ లేచిన రెక్కల గురించి చెప్పడు. మన కుర్రకవులు కూడా జటాయువు దగ్గరే ఆగిపోతున్నారు.

2014లో ఆ మండలాన్ని చుట్టుపక్కల మండలాలతో పాటు తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మార్చారు, పోలవరం ముంపు కోసం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, ఆ మండలంలోని ఊళ్లు నీళ్లలో ఉండిపోయాయి. పడవల్లో పోతున్న జనాన్ని టీవీల్లో రెక్కలు విరిగిన పక్షులు అనేయడం తేలిక. వాళ్లు పక్షులు కారు. తెడ్డు వేసిన రెక్కలు వాళ్లవే, ముసలివాళ్లను ఎత్తుకుని గట్టెక్కించిన రెక్కలూ వాళ్లవే.

జటాయువు అన్న సంపాతి సంగతి తక్కువమందికి గుర్తుంటుంది. ఇద్దరూ సూర్యుడి దాకా ఎగరాలని పోటీ పెట్టుకున్నారు. తమ్ముడు ఎండకు తాళలేకపోతే సంపాతి తన రెక్కలు వాడి మీద కప్పాడు. ఆ రెక్కలు కాలిపోయాయి. ఎగిరిన రెక్క కన్నా కప్పిన రెక్క గొప్పదని మాకు అనిపిస్తుంది. డేగ నీడ పడగానే కోడి తన పిల్లల మీద రెక్క వాల్చడం రోజూ చూసేవాళ్లకు ఇది పురాణం కూడా కాదు.

ఇప్పుడు రాతల సంగతి. పత్రికల్లో రెక్కలు రెండు రకాల శీర్షికల్లో వస్తాయి. కూరగాయల ధరలకు రెక్కలు. గిరిపుత్రుల ఆశలకు రెక్కలు. ధరలకు రెక్కలొచ్చాయంటే మనకు అందకుండా పోయాయని అర్థం. మరి ఆశలకు రెక్కలొచ్చాయంటే? ఒకే పేజీలో రెండు శీర్షికలూ ఉన్న రోజు చూసి నవ్వుకున్నాం. మా ఆశ్రమ పాఠశాలల్లో ఏ కార్యక్రమం జరిగినా వెనక ఫ్లెక్సీ మీద రెక్కలు చాచిన పక్షి బొమ్మ ఉంటుంది, కింద రెక్కలు ఇస్తున్నాం, తొడుగుతున్నాం అని రాత ఉంటుంది. ఇచ్చేవాడు ఉన్నాడంటే తీసుకునేవాడికి లేవని కదా. తొమ్మిదేళ్లకే తమ్ముణ్ణి చంకనెత్తుకుని, నీళ్ల బిందె మోసి, ఇప్పపువ్వు ఏరిన బిడ్డకు ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి ఫొటో తీస్తారు.

ఊళ్లో అదే మాటకు మెప్పు లేదు. చదువుకుని ఉద్యోగం వచ్చి, పండక్కి కూడా రానివాణ్ణి రెక్కలొచ్చి ఎగిరిపోయాడు అంటారు మా ముసలమ్మలు. అది దెప్పు. పట్నపు ఫ్లెక్సీ మీద మెచ్చుకోలు, ఊరి అరుగు మీద దెప్పు. మన విద్యార్థి కవి ఫ్లెక్సీ అర్థాన్ని తీసుకుని అరుగు అర్థాన్ని వదిలేస్తున్నాడు. రెండూ తీసుకుంటే కవితకు కావలసిన గొడవ అక్కడే ఉంది.

పెద్దల పుస్తకాల్లో కూడా ఈ మాట దగ్గర తడబాటు ఉంది. అబ్దుల్ కలాం ఆత్మకథ ఇంగ్లీషు పేరులో నిప్పూ ఉంది, రెక్కలూ ఉన్నాయి. తమిళంలో అగ్ని చిఱగుగళ్ అని రెంటినీ ఉంచారు. తెలుగులో వాడ్రేవు చినవీరభద్రుడు గారు ఒక విజేత ఆత్మకథ అని పేరు పెట్టారు. ఆయన గిరిజన సంక్షేమ శాఖలో పనిచేసినవారు, ఏజెన్సీ ఎరిగినవారు. అనువాదం హాయిగా చదివిస్తుంది, మా బడి లైబ్రరీలో అట్ట చిరిగిపోయిందంటే కారణం అదే. అయినా పేరు విషయంలో మాకు ఒప్పుదల లేదు. విజేత అన్నాక చదివేవాడి కన్ను గెలుపు మీదికి పోతుంది. రెక్కలు అని ఉంచితే రామేశ్వరంలో పేపర్లు పంచిన పిల్లవాడి చేతులు గుర్తొచ్చేవి, తెలుగులో ఆ రెండర్థాలూ ఒకే మాటలో ఉన్నాయి కాబట్టి. తమిళానికి లేని సౌకర్యం మనకు ఉండి వాడుకోలేదు.

రెక్కలు అన్న పేరుతో ఒక కవితా రూపమే ఉంది. పైగంబర కవుల్లో ఒకరైన సుగంబాబు మొదలుపెట్టారు, ఆరు పాదాల చిన్న కవిత. మా పిల్లలకు ఇది బాగా కుదురుతుంది, చిన్నది కాబట్టి. రూపం పేరు రెక్కలు అయినంత మాత్రాన లోపల కూడా రెక్కలూ ఆకాశమూ పెట్టనక్కర్లేదని ప్రతిసారీ చెప్పాల్సి వస్తోంది. అది వేరే విషయం.

మాకు నచ్చిన కవిత ఒకటి చెబుతాం. పదో తరగతి అమ్మాయి రాసింది. వాళ్ల ఇంటికి వెదురు తడిక తలుపు, ఒకటే రెక్క. నాన్న కూలికి మిరప తోటల వైపు పోయిన నెలల్లో అమ్మ రాత్రిళ్లు ఆ తలుపుకు వీపు ఆనించి కూర్చుని బుట్టలు అల్లుతుంది. తలుపుకు రెండో రెక్క అమ్మ. కవిత అంతే. పెద్ద మాట ఒకటీ లేదు. అయితే చివరి రెండు పాదాల్లో ఆ అమ్మాయి కూడా ఆకాశం తెచ్చింది. ఆ రెండూ తీసేస్తే బాగుంటుందని మేం చెప్పాం. ఎందుకు తీయాలి అంది. తడికలో సందుల్లోంచి రాత్రి కనిపించేది అదే కదా, మా ఇంట్లోంచి కనపడే ఆకాశం మాది కాదా అంది. మేం వాదించాం. ఆ అమ్మాయి వినలేదు. గోడపత్రికలో ఆ రెండు పాదాలతోనే పెట్టింది. ఇప్పటికీ ఆ రెండు పాదాలు లేకపోతేనే కవిత గట్టిదని మా అభిప్రాయం. తరగతిలో సగంమంది ఆ అమ్మాయి వైపు ఉన్నారు.

ఈ ఏడు మా బడిలో ఒక పని పెట్టుకున్నాం. సెలవులకు ఇంటికి పోయిన ప్రతి బిడ్డా ఇంట్లోవాళ్లు రెక్క అన్న మాట ఎప్పుడెప్పుడు అన్నారో విని, అన్నది అన్నట్టే రాసుకుని రావాలి. ఎవరన్నారో, ఏ పనిలో ఉండి అన్నారో కూడా రాయాలి. కోయ పిల్లలు వాళ్ల భాషలో పిట్ట రెక్కకూ మనిషి రెక్కకూ ఒకటే మాటా, వేరు వేరా అన్నది ముసలివాళ్లను అడిగి రావాలి. మిగతా బళ్ల టీచర్లు కూడా చేయిస్తే కాగితాలు అన్నీ కలిపి చూడొచ్చు. మా దగ్గర ఇప్పటికి ఒక నోటుపుస్తకం నిండింది.